మామ్మ ముక్కుపుడక

2003 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి బయల్దేరుతుంటే మా బాబాయి తన కొడాక్ కేబీ-10 నా మెడలో వేసి, "ముప్పయ్యారే ఉన్నాయిరా, చూసుకుని నొక్కు" అన్నాడు.

తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా. సవరించడానికి అందులో ఏమీ లేదు. లెన్సు ముందుకూ వెనక్కూ కదలదు. నాలుగడుగుల అవతల మనిషైనా, ఆవలి గట్టైనా దానికి ఒకటే. చూసే కిటికీ వేరు, బొమ్మ పడే లెన్సు వేరు. లెన్సుకి వేలు అడ్డొచ్చినా కిటికీలో లోకం శుభ్రంగానే ఉంటుంది. రెండు పెన్సిల్ సెల్స్ ఫ్లాష్ కోసం. ఫొటో తీశాక వెనకున్న పళ్లచక్రాన్ని బొటనవేలితో కిర్రుకిర్రుమని, ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాలి. అప్పుడే మళ్లీ మీట పనిచేసేది.

పుష్కర ఘాట్‌లో మునిగి వచ్చిన మామ్మ గోదావరికి వీపు పెట్టి మెట్టు మీద కూర్చుంది. అప్పటికి ముప్పై అయిపోయాయి.

"ఒరేయ్, దగ్గరికి రారా. నా ముక్కుపుడక పడాలి" అంది. వాళ్లమ్మ పెట్టిన పుడక అది.

పై మెట్టు నుంచి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, కిటికీలో సగం ఆవిడ మొహమే అయ్యేదాకా జరిగాను. ఎండకి రాయి తళుక్కుమంది. నొక్కేశాను.

ఇంకా అయిదు మిగిలాయి. రీలు పూర్తికాకుండా కడిగించే అలవాటు మా ఇంట్లో లేదు. వినాయక చవితి పందిరి దగ్గర ఆ అయిదూ తీసేసి, అడుగునున్న బొత్తాం నొక్కిపట్టి, చిన్న పిడి తిప్పుతూ ఫిల్మంతా వెనక్కి చుట్టి స్టూడియోలో ఇచ్చాం.

ప్రింట్లు వచ్చాయి. వెనక హేవలాక్ వంతెన స్తంభాలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ముందు మామ్మ మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో మనిషిలా అలుక్కుపోయింది. కిటికీ లెన్సుకి పైన ఉంటుంది కదా, దగ్గర్నుంచి తీసేసరికి నడినెత్తి కూడా తెగిపోయింది. ముక్కు దగ్గర ఒక తెల్లటి చుక్క, అంతే. నాలుగడుగుల లెక్క నాకప్పుడు తెలిస్తేగా! ఆ ఫొటో దాచేద్దామనుకునేలోపే మామ్మ లాక్కుంది. కళ్లజోడు పెట్టుకుని, చుక్క మీద వేలు ఆనించి, "పడిందిరా! ఎలా మెరుస్తోందో చూడు" అంది.

నిగనిగలాడే ఆ ప్రింటుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే, చుక్క చుట్టూ ఆవిడ వేలిముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. అది మాత్రం గీత గీతా స్పష్టంగా ఉంది.