అమీర్‌పేటలో లైనక్స్ క్లాసు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే తలెత్తిన చోటల్లా ఫ్లెక్సీలే. జావా, పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్. కరపత్రాలు పంచే కుర్రాళ్లు చేతిలో ఒకటి పెట్టందే ముందుకు కదలనివ్వరు. ఆ సందడిలో చిన్న బోర్డుతో సరిపెట్టుకునే కోర్సు ఒకటుంది: లైనక్స్ అడ్మినిస్ట్రేషన్. మనం రోజూ వాడే వెబ్‌సైట్లలో చాలావాటి వెనక ఉన్నవి లైనక్స్ సర్వర్లే. 2017 నవంబరు నుంచి ప్రపంచపు టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నిటిలోనూ నడుస్తున్నది లైనక్సే. ఆ యంత్రాలను కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఎలా తయారవుతారో చూడాలని, ఒక ఇన్‌స్టిట్యూట్ వారిని అడిగి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను.

పిల్లల్లో ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చి చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు. డిగ్రీ, బీటెక్ అయిపోయినవాళ్లు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ల ముందుంది గానీ, పని జరిగేది అందులో కాదు. ఒక్కొక్కరికీ ముంబై డేటా సెంటర్‌లో ఒక ఉబుంటు సర్వర్ ఇచ్చారు. దానికి మానిటరూ లేదు, మౌసూ లేదు. టెర్మినల్‌లో కమాండ్ కొడితే అక్కడి నుంచి జవాబు అక్షరాల్లోనే వస్తుంది.

సర్వర్‌లోకి వెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు కాజేస్తే, అక్కడే ఉన్న టాటు ఇలోనెన్ దీన్ని రాశాడు. అంతకుముందు అందరూ వాడే టెల్‌నెట్‌లో పాస్‌వర్డు ఏ మరుగూ లేకుండా నెట్‌వర్క్ మీద పోయేది.

శ్రీకాకుళం జిల్లా అమ్మాయి ఒకరికి లాగిన్ కాలేదు. తెరనిండా ఏదో హెచ్చరిక. "రావట్లేదు సార్" అంది.

"రావట్లేదని నువ్వంటున్నావు. అదేమంటోందో చదువమ్మా" అన్నారు మాస్టారు.

ఆమె ఒక్కో మాటా పైకి చదివింది. పాస్‌వర్డుకు బదులు వాడే ప్రైవేట్ కీ ఫైలును ఎవరైనా చదివేలా వదిలేశారు, అలాంటి కీని ఒప్పుకోను అంటోంది ఎస్‌ఎస్‌హెచ్. ఫైలు అనుమతులు అంకెల్లో ఉంటాయి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. వీటిని కూడగా యజమానికి, గ్రూపుకి, మిగతావాళ్లకి వరసగా మూడంకెలు. 644గా ఉన్నదాన్ని సీహెచ్‌మాడ్‌తో 600 చేసింది. ఈసారి లాగిన్ అయింది.

లోపలికి వెళ్లగానే ఏదీ మార్చనివ్వరు ఇక్కడ. హోస్ట్‌నేమ్ కొట్టి ఏ యంత్రంలో ఉన్నామో చూడాలి. హూయామ్ఐ కొట్టి ఏ యూజర్‌గా ఉన్నామో చూడాలి. పీడబ్ల్యూడీతో ఏ డైరెక్టరీలో ఉన్నామో, ఎల్‌ఎస్‌తో అందులో ఏమున్నాయో చూడాలి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఆర్‌ఎం కొట్టి తీసేసిన ఫైలు కోసం వెతకడానికి రీసైకిల్ బిన్ ఉండదు. అందుకే ఏ పేర్లకు ఆర్‌ఎం కొట్టబోతున్నారో, ముందు అవే పేర్లకు ఎల్‌ఎస్ కొట్టి చూసుకోవాలన్నది క్లాసు కట్టుబాటు.

తర్వాత లాగిన్ల లాగ్ తెరిపించారు. అందులో "ఇన్‌వాలిడ్ యూజర్" అన్న వరసలను గ్రెప్ ఏరింది. వాటిని సార్ట్ వరస పెట్టింది, యూనిక్ లెక్కకట్టింది. ఒక కమాండ్ ఇచ్చినదాన్ని ఇంకో కమాండ్‌కు అందించే ఈ పైపు 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా యూనిక్స్‌లోకి వచ్చింది. ఆ ఉదయమే పుట్టిన సర్వర్లు అవి. వాటి అడ్రసు పిల్లలు ఎవరికీ చెప్పలేదు. అయినా అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అన్న పేర్లతో ఎవరెవరో అప్పటికే తలుపు తట్టిపోయారు. పాస్‌వర్డు వద్దు, కీయే వాడమని మాస్టారు ఎందుకంత గట్టిగా చెప్పారో ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది.

అసలు పరీక్ష మధ్యాహ్నం. మాస్టారు సర్వర్లన్నిటినీ ముందే పాడుచేసి పెట్టారు. "సైట్‌లో ఫోటోలు అప్‌లోడ్ కావట్లేదు. ఎందుకో కనుక్కోండి" అన్నారంతే.

నల్గొండ కుర్రాడు డీఎఫ్ కొట్టాడు. డిస్కు 100 శాతం నిండింది. డీయూతో ఒక్కో డైరెక్టరీ బరువు చూసుకుంటూ పోయి, లాగ్‌ల డైరెక్టరీలో పెద్ద ఫైలును పట్టుకున్నాడు. ఆర్‌ఎం కొట్టాడు. ఎల్‌ఎస్ కొడితే ఫైలు లేదు. డీఎఫ్ కొడితే మళ్లీ 100 శాతమే! పక్కవాళ్లు లేచొచ్చి అతని తెరలోకి తొంగిచూశారు.

మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్లారు. లైనక్స్‌లో పేరు వేరు, ఫైలు వేరు. డైరెక్టరీలో ఉండేది పేరూ, దాని పక్కన అసలు ఫైలును సూచించే ఐనోడ్ నంబరూ మాత్రమే. ఆర్‌ఎం చెరిపేది ఆ పేరునే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి ఉంచితే, అది మూసేదాకా డిస్కులో చోటు ఖాళీ కాదు. "ఎవరు పట్టుకున్నారో చూడు బాబూ" అన్నారు.

ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొడితే ఆ ఫైలు "డిలీటెడ్" అన్న గుర్తుతో కనిపించింది. దాన్ని పట్టుకున్న ప్రాసెస్ నంబరు కూడా అదే వరసలో ఉంది. సిస్టమ్‌సీటీఎల్‌తో ఆ సర్వీసును రీస్టార్ట్ చేశాడు. డిస్కు ఖాళీ అయింది, ఫోటో ఎక్కింది. అతను కుర్చీలో వెనక్కి వాలబోతుంటే మాస్టారు అడిగారు: "మళ్లీ నెలకు నిండదా?" అప్పుడు లాగ్‌రొటేట్ తెరిచాడు. పాత లాగ్‌లను వారానికోసారి కుదించి, మరీ పాతవాటిని తీసేసేలా రాసి లేచాడు.

కమాండ్లు పుస్తకంలో దొరుకుతాయి. లైనక్స్‌లోనే ఉన్న మ్యాన్ పేజీల్లో ఇంకా వివరంగా దొరుకుతాయి. చెయ్యి వేసే ముందు చూడటం, యంత్రం చెప్పేది పూర్తిగా చదవడం, బాగయ్యాక మళ్లీ పాడవకుండా చేయడం అనేవి ఇలా ఒకరు పక్కన నిలబడి అడిగితేనే అలవడతాయి. మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ ఉంది. ఐనోడ్‌కు నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఆ గదిలో ఉన్నారు. ఐనోడ్ పని వాళ్లకు అర్థమైంది మాత్రం ఖాళీ కాని డిస్కు ముందు కూర్చున్నాకే.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. లైనక్స్ ఉచితం, పాత కంప్యూటరైనా సరిపోతుంది. జిల్లా కాలేజీల ల్యాబుల్లో వారానికొక పాడుచేసిన సర్వర్‌ను పిల్లల ముందు పెట్టగలిగితే చాలు. ఈ పని నేర్చుకోవడానికి ఊరొదిలి అమీర్‌పేట హాస్టళ్లకు రావాల్సిన అవసరం చాలామందికి తప్పుతుంది.