మృత్యులోయకు చక్రాల ఇల్లు

జూలైలో డెత్ వ్యాలీకి వెళ్తామంటే అమెరికాలో చాలా అద్దె కంపెనీలు ఆర్‌వీ తాళాలివ్వవు. వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ ఉన్న ఈ చక్రాల ఇల్లు విహారానికే గానీ, నీడలోనే 50 డిగ్రీల సెల్సియస్ తాకే ఎడారికి పనికిరాదన్నది వాటి లెక్క. అయినా ఏటా కొందరు సొంత ఆర్‌వీల్లో అక్కడికి బయల్దేరతారు, అదీ జీతంలేని పని కోసం. 'బ్యాడ్‌వాటర్ 135' పరుగు పందెంలో వాళ్లు వలంటీర్లు.

లాస్ వేగస్ నుంచి లోయ దాదాపు 200 కిలోమీటర్లు. దారిలో డెత్ వ్యాలీ జంక్షన్ అనే పాత ఊరు తగులుతుంది. 1967లో న్యూయార్క్ నర్తకి మార్తా బెకెట్ ట్రైలర్ టైరు ఇక్కడే పంక్చరైంది. బాగుచేసేలోగా ఆమె కంట పడిన పాడుబడ్డ హాలే తర్వాత అమర్గోసా ఒపేరా హౌస్ అయింది. చూసేందుకు జనం రాకపోతే? గోడల నిండా రాజులను, రాణులను ప్రేక్షకులుగా తానే చిత్రించుకుని ఆమె దశాబ్దాలపాటు నర్తించారు. ఈ దారిలో టైరు పేలడం అందరికీ అలా కలిసిరాదు. అందుకే అనుభవజ్ఞులు రాత్రిపూటో తెల్లవారుజామునో నడుపుతారు. లోయ దాటి టౌన్స్ పాస్ కనుమ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని రోడ్డు పక్క బోర్డులే చెబుతాయి. బయట కొలిమి, లోపల ఆవిరి.

పందెం సముద్రమట్టానికి 85 మీటర్ల దిగువన బ్యాడ్‌వాటర్ ఉప్పునేల దగ్గర మొదలవుతుంది. 217 కిలోమీటర్లు సాగి, 2,500 మీటర్లకు పైన విట్నీ పోర్టల్‌లో ముగుస్తుంది. గడువు 48 గంటలు. 1977లో ఆల్ ఆర్నాల్డ్ ఈ లోయ నుంచి మౌంట్ విట్నీ దాకా ఒంటరిగా పరుగెత్తి చూపాడు. 1987 నుంచి అది పోటీగా మారింది. ఇప్పుడు ఎంపికైన వంద మంది వరకు పాల్గొంటున్నారు.

దారిలో నిర్వాహకుల నీళ్ల కేంద్రాలుండవు. మంచు, నీళ్లు, తిండి ఎవరి బృందం వాళ్లే మోసుకెళ్లాలి. మరి వలంటీర్లకు పనేమిటి? స్టవ్‌పైప్ వెల్స్, పానమింట్ స్ప్రింగ్స్ వంటి చోట్ల కూర్చుని, వచ్చినవారి నంబరు, సమయం రాయడం. వినడానికి గుమాస్తా పనే. కానీ దారి పొడవునా మొబైల్ సిగ్నల్ దాదాపు ఉండదు. ఎవరు ఎంత దూరం వచ్చారో, ఎవరు ఇంకా రాలేదో ఆ కాగితాలు చెబుతాయి. రన్నర్ తూలుతున్నాడా, మాట తడబడుతోందా అన్నది ముందుగా కనిపించేదీ అక్కడే.

ఆ జాగ్రత్తకు కారణముంది. 2024 జూలైలో 53 డిగ్రీల ఎండలో ఇదే బ్యాడ్‌వాటర్ దగ్గర మోటార్‌సైకిళ్లపై వచ్చిన బృందంలో ఒకరు చనిపోయారు. సాయానికి హెలికాప్టర్ రాలేకపోయింది. 49 డిగ్రీలు దాటితే గాలి పలచబడి, దాన్ని పైకెత్తే బలం రెక్కలకు చాలదు. రావాల్సింది రోడ్డు మీదే, గంటల దూరం నుంచి.

కాబట్టి నంబర్లు రాసేవారు నిద్ర మానుకుంటారు. ఆర్‌వీలో వంతులవారీగా ఓ గంట వాలడం, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని మళ్లీ కుర్చీలోకి రావడం. చివరి రన్నర్ ఏ తెల్లవారుజామునో కేంద్రం దాటాక బల్ల మడిచి, టైర్లలో గాలి చూసుకుని బయల్దేరతారు. కనుమ మొదట్లో మళ్లీ అదే బోర్డు. ఏసీ ఆపి, కిటికీలు తెరుస్తారు.