ఏ పొగ ఎవరిది?

ఉబ్బసంతో బాధపడుతున్న మా అబ్బాజాన్ గత శీతాకాలంలో ఫజ్ర్ నమాజుకు మస్జిదు దాకా నడవలేకపోయారు. ఏళ్ల తరబడి విడువని జమాఅత్ దూరమవుతున్నదన్న దిగులు ఆయనను జబ్బు కన్నా ఎక్కువగా క్రుంగదీసింది. వైద్యుని వద్దకు తీసుకువెళితే, మందులు వ్రాసే ముందు ఆయన ఒక ప్రశ్న వేశారు: “మీ ఇంట్లో, ఇంటి చుట్టూ రోజుకు ఎన్ని రకాల పొగలు లేస్తాయో లెక్కపెట్టారా?” గాలి విషయంలో మాకు అందిన మొదటి సహాయం ఆ ప్రశ్నే.

లెక్క ఇంటి నుండే మొదలుపెట్టాము. రాత్రి దోమల కాయిల్, గురువారం సాయంత్రం సాంబ్రాణి, స్నానాల నీళ్లకు పెరట్లో కొబ్బరి డొక్కల పొయ్యి. కాలువల నడుమ ఉన్న మా డెల్టా ఊళ్లలో దోమలు లేని రాత్రి ఉండదు. 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఒక కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుండి 137 సిగరెట్ల ధూళికి సమానం. నిద్రపోయే ముందు ఇంట్లో నిప్పు ఆర్పివేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ హితవు అగ్నిప్రమాదం గురించినదే అయినా, అబ్బాజాన్ మంచం క్రింద రాజుకుంటున్న కాయిల్‌ను చూసినప్పుడు అదే గుర్తుకు వచ్చింది. దోమతెర కట్టాము. సాంబ్రాణి మానడానికి అమ్మీ మొదట ఒప్పుకోలేదు. సువాసనకు అత్తరు చాలునని, అది సున్నతే కదా అని అబ్బాజానే నచ్చజెప్పారు.

ఇక బయటి గాలి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం క్రింద గుర్తించిన నగరాలలో రాజమహేంద్రవరం కూడా ఉన్నది. అక్కడి పర్యవేక్షణ కేంద్రం కొలతలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్‌లో ఎవరైనా చూడవచ్చు. సూచీ 50 లోపు ఉంటే గాలి మంచిది. 100 దాటితే ఊపిరితిత్తుల రోగులకు, 200 దాటితే ఎక్కువసేపు బయట తిరిగే చాలామందికి ఇబ్బంది. అయితే నగరంలోని యంత్రం మా వీధి సంగతి చెప్పలేదు. అది మా మేడమీద ఆరవేసిన బట్టలపై రాలే ఊక బూడిద చెబుతుంది.

ఆ బూడిద దగ్గరలోని ఒక రైస్ మిల్లుది. ధాన్యం ఉడికించడానికి అక్కడ ఊకనే కాలుస్తారు. పొగగొట్టంలో ధూళిని పట్టే ఏర్పాటు సరిగా లేకపోతే తేలికైన బూడిద గాలివాటున ఇళ్లపై పడుతుంది. మా వీధివారు కొందరికి ఆ మిల్లే జీవనాధారం. అందుకే ఫిర్యాదు అనగానే అందరూ వెనుకాడారు. “మిల్లు మూయమనడం లేదు, బూడిదను ఆపమంటున్నాము” అన్నారు అబ్బాజాన్. ఇమామ్ సాహెబ్, రామాలయం పెద్దలు కలిసి మొదట యజమానితో మాట్లాడారు. ఫలితం కనబడలేదు. అప్పుడు బూడిద రాలిన తేదీలు, వేళలు, ఫోటోలు జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాము. ఒక ప్రతిని కాలుష్య నియంత్రణ మండలికి పంపాము. 1981 నాటి వాయు కాలుష్య చట్టం పరిశ్రమలను తనిఖీ చేసి ఆదేశాలిచ్చే అధికారాన్ని ఆ మండలికి ఇచ్చింది. రసీదు పట్టుకొని మూడుసార్లు తిరిగిన తరువాత తనిఖీ జరిగింది. బూడిద తగ్గింది, పూర్తిగా ఆగలేదు. మేమూ అడగడం ఆపలేదు.

పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మస్జిదుకు రావద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు. ప్రక్కన నిలిచినవారికి వాసన వల్ల కలిగే ఇబ్బందినే అంతగా పట్టించుకున్న ధర్మం, పొరుగింటి వృద్ధుని ఊపిరిని ఉపేక్షిస్తుందా? కనుక ఇటువంటి అర్జీ తగవు కాదు, పొరుగువారి హక్కును కాపాడడమే. అయితే మన వాకిట్లో చెత్తకు నిప్పుపెడుతూ మిల్లు పొగను ప్రశ్నించడం న్యాయం కాదు.

సోదర సోదరీమణులారా! శీతాకాలం రాకముందే మీ ఇంటి పొగల లెక్క వ్రాయండి. ఇంటి పొగను మనమే ఆర్పుకోవాలి. వీధిలో కాలే చెత్త గురించి పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి, పరిశ్రమ పొగ గురించి మండలికి, పొరుగువారందరితో కలిసి విన్నవించాలి. అల్లాహ్ మనందరికీ ఆ సౌభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.