రొరైమా మీద ఆరు రోజులు

వెనిజులా, బ్రెజిల్, గయానాల సరిహద్దులు కలిసే చోట 2,810 మీటర్ల ఎత్తున బల్లపరుపుగా పరుచుకున్న కొండ రొరైమా. పరైటెపుయ్ గ్రామం నుండి పెమోన్ తెగకు చెందిన మార్గదర్శి వెంట బయలుదేరాము. తేక్, కుకెనాన్ నదులు దాటి, మూడవనాడు జలపాతపు తుంపరలలో తడుస్తూ పైకి చేరుకున్నాము.

అక్కడి లోకమే వేరు. నల్లబారిన ఇసుకరాయి, గెంతడం రాని చిట్టి నల్లకప్ప, పురుగులను తిని బ్రతికే మొక్కలు, అడుగడుగునా తెల్లని స్ఫటికాలు. ఒకటి ఏరుకోబోయిన మిత్రుణ్ణి మార్గదర్శి వారించాడు. కొండనుండి ఏదీ తీసుకుపోరాదట. ఆ రాత్రి బండచరియ క్రింద తలదాచుకున్నప్పుడు తమవాళ్ళ కథ చెప్పాడు. సమస్త ఫలాలనూ కాచే మహావృక్షాన్ని మకునైమా నరికివేశాడట. మిగిలిన మోడే ఈ కొండ!

1884లో ఎవరార్డ్ ఇమ్ థర్న్, హ్యారీ పెర్కిన్స్ దీనిని తొలిసారి అధిరోహించారని చరిత్ర. వారి సామాను మోసిన ఆదివాసుల పేర్లు ఎందరికి తెలుసు? మా తిండి, డేరాలు పైకి మోసినవారూ, పైన వదలరాదన్న నియమం వల్ల మా మలాన్ని సైతం సంచులలో క్రిందికి మోసినవారూ పెమోన్‌లే. శిఖరం ఎక్కామని చెప్పుకునే ప్రతిసారీ ఆ బరువు ఎవరి వీపున ఉన్నదో కూడా చెప్పుకోవడం న్యాయం.