ఎల్వా ఒడ్డు నుంచి ఉత్తరాలు

గ్లైన్స్ కాన్యన్, వాషింగ్టన్ రాష్ట్రం

నాన్నగారికి,

64 మీటర్ల ఎత్తు గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట ఒకప్పుడు ఉన్న చోట ఇప్పుడు రెండు కొండల నడుమ ఎల్వా నది ఉరకలేస్తోంది. 1927లో కట్టిన ఈ ఆనకట్టకు గానీ, దిగువన 1913లో పూర్తయిన ఎల్వా డ్యామ్‌కు గానీ చేపలు ఎక్కే మెట్లు పెట్టలేదు. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదే సాల్మన్ చేపలు మొగ నుంచి 8 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయేవి. రెండు ఆనకట్టల కూల్చివేతకు దారి తీసిన చట్టం 1992లో వచ్చింది. పని 2011 సెప్టెంబరులో మొదలై 2014లో ముగిసింది.

ఎల్వా మొగ

ఆనకట్టల వెనక పేరుకున్న ఒండ్రు, ఇసుక, గులకరాళ్లు దాదాపు 3 కోట్ల టన్నులు. తొలి ఐదేళ్లలో అందులో సుమారు 2 కోట్ల టన్నులు కదిలాయి, చాలా భాగం హువాన్ డి ఫుకా జలసంధికి చేరింది. ఇసుక అందక కోసుకుపోయి, పెద్ద రాళ్లు తేలిన ఒడ్డున ఇప్పుడు తిన్నెలు పరుచుకున్నాయి, వాటి వెనక మడుగులు ఏర్పడ్డాయి. డెల్టా దాదాపు 60 హెక్టార్లు పెరిగింది.

సముద్రం దీనికి మూల్యం చెల్లించింది.

బురదనీరు వెలుతురును ఆపేయడంతో, చేపపిల్లలకు ఆశ్రయమిచ్చే కెల్ప్ అనే పొడవాటి నాచు మొగ పరిసరాల్లో మొదటి రెండేళ్లలో చాలా మటుకు పోయింది. నీరు తేటపడ్డాక చాలాచోట్ల మళ్లీ మొలిచింది. అయితే కెల్ప్‌కు పట్టు రాతి మీదే. రాళ్లను ఇసుక కప్పేసిన చోట అది నిలవదు, అలాంటి చోట ఇసుకను కోరుకునే జీవులు చేరతాయి. డంజినెస్ పీతల పిల్లలకు ఈ కొత్త ఇసుక నేల అనువైంది.

పోర్ట్ ఏంజెలస్

ఆనకట్టలు తొలగించాలని దశాబ్దాలు పోరాడింది లోయర్ ఎల్వా క్లాలం తెగ. చేపలు కోలుకోవాలని నదిలో వేట ఆపారు. 2023 అక్టోబరులో ఆ తెగవారు తమ ఆచారాల కోసం, తిండి కోసం కోహో సాల్మన్ వేట మళ్లీ మొదలుపెట్టారు.

మన తీరంలోని ఉప్పాడలో కడలి కోసుకుపోయిన ఇళ్లు మీరు చూసినవే. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కోతకు గురికావడానికి, ఎగువ జలాశయాల్లో ఆగిపోతున్న ఒండ్రు ముఖ్య కారణాల్లో ఒకటని పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అక్కడ లక్షల ఎకరాల సాగు ఆనకట్టల మీదే ఆధారపడింది కాబట్టి వాటిని తీసేయడం కుదరదు. కానీ జలాశయాల్లోని ఒండ్రును దిగువకు ఎలా వదలాలి, మొగల దాకా ఎంత నీరు పారనివ్వాలి అన్నవి మన సాగునీటి శాఖను అడగాల్సిన ప్రశ్నలే.

మీ అమ్మాయి