క్యాలెండర్ కాగితం వెనక గీతలు

బాబాయి పెన్సిలుతో గీస్తున్న గీతల్ని మొదట నేను పట్టించుకోలేదు. 2024 సెప్టెంబర్ 3, రాత్రి పదకొండు దాటింది. విజయవాడ పటమటలో మా మేడ మీద గదిలో నేను ల్యాప్‌టాప్ ముందు, ఆయన నా వెనక మడత కుర్చీలో. ఆ సాయంత్రమే బాబాయీ పిన్నీ బుడమేరు వరదలో మునిగిన సింగ్ నగర్ నుంచి వచ్చారు. రెండు రోజులు డాబా మీద గడిపి, పడవలో ఫ్లైఓవర్ దాకా చేరి, అక్కణ్ణించి ఎవరిదో బండి పట్టుకుని వచ్చారు. పిన్ని స్నానం చేసి, రెండు ముద్దలు తిని పడుకుంది. బాబాయికి నిద్ర పట్టలేదు. "నీ పని నువ్వు చేసుకో అమ్మా, నేనిలా కూర్చుంటా" అన్నాడు.

నేను చేస్తున్న పని కూడా ఆ నీళ్ల గురించే. ఊళ్లోని ఒక వార్తా ఛానెల్‌కి నలభై అయిదు సెకన్ల మ్యాప్ కావాలి. తెల్లారేసరికి ఇవ్వాలి. బుడమేరు నీళ్లు కొంత కొల్లేరు దారి పడతాయి, కొంత వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర డైవర్షన్ కాలువలోకి మళ్లి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలుస్తాయి. ఆ కాలువ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీళ్లు సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మీదకి తిరిగాయి. ఆ పక్కన ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఇదంతా చూసేవాళ్లకి ఒక్క ముక్కలో అర్థమవ్వాలి: నీళ్లు ఎక్కడ తప్పాయి, మా వీధికి ఎటునుంచి వచ్చాయి.

నేను వాడే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇలాంటి బొమ్మంతా లేయర్లుగా ఉంటుంది. నదికొకటి, కాలువకొకటి, రోడ్డుకొకటి, ఊరి పేరుకొకటి. బ్యారేజికి 70 గేట్లు. ఒక్కొక్కటీ లేస్తున్నట్టు చూపించాలని ఆ 70నీ నేను 70 లేయర్లుగా పెట్టాను. కింద టైమ్‌లైన్‌లో వరస నూట ఇరవై దాటింది. నా ల్యాప్‌టాప్ తెర మీద ఒకేసారి కనపడేవి పన్నెండో పదమూడో. మిగతావి కావాలంటే మౌస్ చక్రం తిప్పుకుంటూ పైకి, మళ్లీ కిందకి. దొరికాక పక్కనున్న చిన్న త్రికోణం నొక్కి తెరవాలి, లోపల ట్రాన్స్‌ఫామ్ అని ఇంకో త్రికోణం, దాన్నీ తెరిస్తే అప్పుడు పొజిషన్ కనపడుతుంది. ఆరేళ్లుగా నేను అలాగే చేస్తున్నాను. పెళ్లి ఇన్విటేషన్ వీడియోలు, నగల కొట్ల ప్రకటనలు, ఎన్నికలప్పుడు అభ్యర్థుల పాటలకి టైటిళ్లు, అన్నీ అలాగే. అది పనిలో భాగమే అనుకున్నాను.

ఒంటిగంట ప్రాంతంలో ఛానెల్‌కి పంపబోతూ ఒకసారి ఆడించి చూపించాను. బాబాయి ముందుకి వంగాడు. "మా పాయకాపురం పటమట పక్కకి ఎప్పుడొచ్చిందమ్మా?"

నిజమే. పేరు జరిగిపోయింది. కృష్ణలంక పేరు జరపాలని వెతుకుతూ, తొందరలో ఒక వరస పైనున్న పాయకాపురాన్ని పట్టుకుని లాగేశాను. రెండు రోజులు నీళ్లలో ఉండి వచ్చిన మనిషి ఎదురుగా లేకపోతే ఆ మ్యాప్ అలాగే బయటికి వెళ్లేది. అన్నం పొట్లాలు ఎటు పంపాలో, ఎవరి చుట్టాలు ఎక్కడున్నారో జనం మ్యాపులు చూసి లెక్కేసుకుంటున్న రాత్రి అది. నాకు చేతులు వణికాయి.

సరిచేశాక ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. గోడ క్యాలెండర్‌లో చించేసిన ఆగస్టు నెల. వెనక తెల్లటి వైపు నాలుగు నిలువు గీతలు, వాటికి అడ్డంగా ఒకటి, అలా కట్టలు కట్టలు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"అరగంటలో నువ్వు పైకీ కిందకీ తిప్పిన లెక్క. తొంభై మూడు. మధ్యలో రెండు సార్లు నాకు కన్ను మూతపడింది. అవి కలపలేదు."

బాబాయి గురించి రెండు మాటలు చెప్పాలి. పదిహేడో ఏట గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాడు. సీసం అక్షరాల రోజులు. ఇంగ్లీషుకి రెండు కేసులు చాలు, పై కేసు, కింది కేసు. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు అన్నీ కావాలి గనక మనిషి చుట్టూ కేసులే ఉండేవట. ఎడమ చేతిలో స్టిక్కు, కళ్లు ఎదురుగా పెట్టుకున్న రాతప్రతి మీద, కుడి చెయ్యి దానంతట అది గళ్లలోకి వెళ్లి వచ్చేది. తరవాత డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇంటర్ గైడ్లు, పంచాంగాలు, శుభలేఖలు వేలకొద్దీ పేజీలు కొట్టాడు. కీబోర్డు వైపు చూసేవాడు కాదు. పేజ్‌మేకర్‌ని చేసింది ఆల్డస్ కంపెనీ. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993 జనవరిలో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో కోసా అనే చిన్న సంస్థ నుంచి వచ్చింది. అదే ఏడాది ఆల్డస్ కోసాని కొన్నది, 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. ఈ సంగతి ఆ రాత్రి చెబితే బాబాయి తల ఊపి, "అయితే నీకూ నాకూ చుట్టరికం ఇటువైపు నుంచీ ఉందన్నమాట" అన్నాడు.

ఆయనకి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒక్క ముక్క రాదు. కానీ మనిషి పని చేస్తున్నాడా, పని కోసం వెతుకుతున్నాడా అన్నది ఆయనకి భుజం చూస్తే తెలుస్తుంది. "ఫారం అచ్చయ్యాక అక్షరాలన్నీ మళ్లీ ఎక్కడివక్కడ గళ్లలో వేసేవాళ్లం. డిస్ట్రిబ్యూషన్ అంటారు. కుర్రాళ్లకి ముందు ఆ పనే ఇచ్చేవారు, కంపోజింగ్ కాదు. ఆర్నెల్లు అదే. ఒక సున్నా పక్క గడిలో పడిందంటే మర్నాడు ఇంకొకడి పేజీలో తప్పొస్తుంది." ఆయన మామూలుగా చెప్పిన మాటే. నాకు పాయకాపురం గుర్తొచ్చింది.

నేను అన్నాళ్లూ ఆలస్యానికి కారణం మిషన్ అనుకున్నాను. ర్యామ్ ఇంకో పదహారు జీబీ వేయిస్తే, రెండో మానిటర్ కొంటే అని వాయిదాలు కూడా లెక్కేసుకున్నాను. ప్రివ్యూ నెమ్మదిగా నడవడం మిషన్ లోపమే, కాదనను. కానీ ఆ తొంభై మూడు తిప్పుళ్లు మిషన్‌వి కావు. పైగా అసలు నష్టం ఆ సెకన్లలో లేదు. నీళ్లు గండి దగ్గర కాసేపు ఆగి, ఉబ్బి, అప్పుడు ఊరి మీదకి రావాలి అని మనసులో ఒక నడక పట్టుకుంటాను. ఆ కదలికకి గుర్తు పెట్టే కీఫ్రేమ్ కోసం కిందకి దిగి, గేట్లన్నీ దాటుకుని, రెండు త్రికోణాలు తెరిచి చేరేసరికి ఆ నడక జారిపోతుంది. చేతికి దొరికింది ఏదో పెట్టేసి వస్తాను. ఆరేళ్ల పనిలో ఎన్ని నడకలు అలా జారాయో.

బాబాయి మా ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో నేను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. రోజూ పని మొదలెట్టే ముందు గంటసేపు, ఆయన చెప్పిన డిస్ట్రిబ్యూషన్ లాగా. ముందు 70 గేట్లనీ ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సీ నొక్కి ప్రీకంప్ చేశాను. 70 వరసలు ఒక్కటయ్యాయి. దానికి 'బ్యారేజి' అని పేరు పెట్టాను. లోపలికి, బయటికి తిరగాల్సొస్తే ట్యాబ్ నొక్కితే చాలు, ఏ కంపోజిషన్ దేనిలో ఉందో చిన్న పటంలా వస్తుంది. నీళ్లున్న లేయర్లన్నిటికీ నీలం లేబుల్, ఊరి పేర్లకి పసుపు. రోడ్లు, కొండలు కదిలేవి కావు గనక వాటిని షై చేసి టైమ్‌లైన్‌లో దాచేశాను. బొమ్మలో ఉంటాయి, దారికి అడ్డం రావు.

తరవాత అక్షరాలు. పీ అంటే పొజిషన్, ఎస్ స్కేల్, ఆర్ రొటేషన్, ఏ యాంకర్ పాయింట్. ఒపాసిటీకి ఓ కాదు, టీ. ఓ నొక్కితే లేయర్ చివరికి పోతుంది. ఇది వేలికి ఎక్కడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఒకటి తెరిచి ఉండగా రెండోది కూడా కావాలంటే షిఫ్ట్ పట్టుకుని దాని అక్షరం. అన్నిటికన్నా నన్ను ఒడ్డున పడేసింది యూ. లేయర్ మీద ఉండి యూ కొడితే కీఫ్రేములున్నవి మాత్రమే తెరుచుకుంటాయి, మిగతావి నోరు మూసుకుని ఉంటాయి. వెంటవెంటనే రెండు సార్లు కొడితే నేను మార్చినవన్నీ వస్తాయి. జే, కే కీలతో వెనక కీఫ్రేముకీ ముందు కీఫ్రేముకీ నడవొచ్చు. టైమ్‌లైన్‌ని ఒక్క ఫ్రేము దాకా దగ్గరికి తెచ్చి, మళ్లీ మొత్తం చూడాలంటే సెమీకోలన్. ఏ ప్యానెల్ మీద మౌస్ ఉందో దాన్ని తెర నిండా పరిచేది టిల్డ్ కీ, ఎస్కేప్ కింద ఉండేది. అది తెలిశాక రెండో మానిటర్ మాట మళ్లీ ఎత్తలేదు.

మార్కర్లు మాత్రం బాబాయి ఆలోచనే అనాలి. "పేజీలకి నంబర్లుంటాయిగా, నీ దానికి లేవా?" అని అడిగాడు. ఉన్నాయి. నేనెప్పుడూ వాడలేదు. షిఫ్ట్ పట్టుకుని ఒకటి కొడితే కాలగీత ఉన్నచోట ఒకటో నంబరు గుర్తు పడుతుంది, ఆ తరవాత ఎక్కణ్ణించైనా ఒకటి కొడితే అక్కడికే వచ్చి నిలబడుతుంది. ఒకటి వెలగలేరు, రెండు గండి, మూడు సింగ్ నగర్, నాలుగు బ్యారేజి. వెలగలేరు నుంచి సింగ్ నగర్‌కి వేలు ఎత్తి దించినంతసేపు.

చివరికి ఆ ప్యానెళ్లన్నిటినీ నాకు కావలసినట్టు సర్దుకుని వర్క్‌స్పేస్‌గా సేవ్ చేసుకున్నాను. ఎప్పుడూ తెరవని ప్యానెళ్లు అరడజను మూసేశాను. ఆరేళ్లు వాటి మధ్యలోంచి ఒదిగి ఒదిగి తిరిగానంటే ఇప్పుడు బాధేస్తుంది.

సెప్టెంబర్ 7, వినాయక చవితి రోజు, మూడో గండి పూడింది. సైన్యం వాళ్లు కూడా దిగి రాళ్లు నింపిన ఇనుప బుట్టలు వేశారు. ఛానెల్ వాళ్లు మళ్లీ అడిగారు, గండి ఎలా పూడిందో చూపిస్తూ ఇంకో మ్యాప్. ఆ రాత్రి కూడా బాబాయి అదే కుర్చీలో, చేతిలో అదే కాగితం. పిన్ని ఇంత ఉండ్రాళ్ల ప్రసాదం తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లింది. అరగంట అయ్యాక చూస్తే పదకొండు గీతలు. అప్పటికే మొదటి ఇరవై సెకన్లు అయిపోయాయి.

ఆ రాత్రి నా కళ్లు తెర మీది బొమ్మని వదిలి వెళ్లలేదు. వదలకపోతే ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది. నీళ్లు తగ్గుతున్నట్టు నీలం రంగు వెనక్కి జరుగుతోంది. దాని కింద నేల బూడిదరంగు పలకలా ఉంది, అంతే. మొదటి మ్యాప్‌లోనూ అంతే. అప్పుడు నేను చూడలేదు, చూసే తీరిక నాకు లేదు. సింగ్ నగర్ అంటే అక్కడ మనుషులుండే ఇళ్లు. నేను దాన్ని ఒక రంగు ముక్క చేసి ఊరుకున్నాను. మూడు కొట్టి అక్కడికి వెళ్లి, చిన్న చిన్న చతురస్రాలు గీయడం మొదలెట్టాను. ఒక వీధి, రెండు వీధులు. కంట్రోల్, డీతో ఇల్లు పక్కన ఇల్లు. నీలం వెనక్కి పోతుంటే ఒక్కో కప్పూ బయటపడేలా టీ కొట్టి కీఫ్రేములు పెట్టుకుంటూ వచ్చాను. ఛానెల్ అడగలేదు, దానికి వేరే డబ్బులు లేవు.

బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మూడో వీధిలో చివరి నుంచి రెండో ఇంటి మీద వేలు పెట్టాడు.

"ఇది మనదేనా?"

"మీదే బాబాయ్."

కాసేపు చూశాడు. "మేడ మీద ట్యాంకు మర్చిపోయావు" అన్నాడు. "నల్లది. తూర్పు మూలన."

పెట్టాను.