అమ్మకి కూలేమిటి?

మావైపు పెళ్ళిసంబంధాలు మాట్లాడేటప్పుడు, అబ్బాయి వ్యాపారం చేస్తున్నాడంటే "పాపం, ఉద్యోగం రాలేదు కాబోలు!" అని జాలిపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. అలాంటి రాజమండ్రిలో మా చెల్లెలి కూతురూ, అల్లుడూ హైదరాబాదు ఉద్యోగాలు రెండూ వదులుకొచ్చి, దానవాయిపేటలో రెండు గదులు అద్దెకు తీసుకుని, కాలేజీ పిల్లలకు వ్యాపారం నేర్పుతామని బోర్డు పెట్టారు. నేర్పడమే వాళ్ళ వ్యాపారం!

"వ్యాపారం రక్తంలో ఉండాలిగాని, బళ్ళో చెబితే వస్తుందా?" అని మా చెల్లెలు లబలబలాడింది.

వస్తుందో రాదో చూద్దామని వెనకటికొకాయన మన గోదావరి సీమనే ఎంచుకున్నాడు. ఆయన హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పే డేవిడ్ మెక్లెలాండ్. 1964లో కాకినాడ వ్యాపారస్తులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో తరగతులు పెట్టించాడు. పోల్చి చూడడానికని ఏ తరగతులూ చెప్పకుండా వదిలేసిన ఊరు ఏదనుకున్నారు? మన రాజమండ్రే! చదువుకొచ్చిన కాకినాడవాళ్ళు కొత్త పనుల్లోకి, కొత్త పెట్టుబడుల్లోకి ఎక్కువ చొరవగా దిగారని తేలింది. పాత ఆచారాలు అందుకు అడ్డు కాలేదట. ఆ వివరాలతో 1969లో పుస్తకం కూడా వచ్చింది.

ఆయన తరగతుల్లో ఒక ఆట ఉంది. పాతిన పుల్లకు రింగులు విసరాలి. ఎంత దూరంలో నిలబడాలన్నది మన ఇష్టం. కొందరు పుల్ల పక్కనే నిలబడి వేసేస్తారు. కొందరు గోడదాకా వెళ్ళి, దేవుడిమీద భారం వేసి విసురుతారు. గురి కుదిరితే పడుతుంది, లేకపోతే లేదనిపించే దూరం ఎంచుకున్నవాడికి వ్యాపారం అబ్బుతుందట.

మావాళ్ళు పిల్లలచేత ఆ ఆట ఆడించడమే కాదు, తామూ అలాగే నిలబడ్డారు. వియ్యంకుడుగారు పొలం తాకట్టు పెడతానంటే వద్దన్నారు. దాని గాజులు నాలుగూ బ్యాంకులో పెట్టి, రెండేళ్ళు గడువు పెట్టుకున్నారు. "అప్పటికీ నడవకపోతే మళ్ళీ ఉద్యోగాలు వెతుక్కుంటాం పెద్దమ్మా" అంది నాతో. మొదటి బ్యాచిలో చేరినవాళ్ళు పదకొండుమంది.

ఒకరోజు మా చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆత్రేయపురం పిల్ల ఒకతె పూతరేకుల లెక్క వేస్తోంది. బియ్యం, నెయ్యి, పంచదార, పెట్టె, ఆటో కిరాయి. మిగిలిందంతా లాభమంది.

"మరి రేకులు తీసినవాళ్ళ కూలి?" అన్నాడు మా అల్లుడు.

"తీసేది మా అమ్మేనండీ. అమ్మకి కూలేమిటి?"

బోర్లించిన కుండ సెగ దగ్గర కూర్చుని, పిండినీళ్ళలో ముంచిన గుడ్డ పరిచి ఒక్కొక్క రేకే తీసే తల్లి ఖరీదు సున్నా! ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తీసిన చేతులకు మాత్రం సొంత కూతురి లెక్కలోనే చోటు లేదు. మనం మాత్రం? ఏటా పట్టే ఆవకాయలో మన ఎండా, మన చేతుల మంటా ఎప్పుడైనా లెక్క కట్టామా?

ఆ పిల్ల తుడిచి, అమ్మ కూలి కలిపి మళ్ళీ వేసింది. పెట్టెకు ఇరవై రూపాయలు నష్టం! కాసేపు బోర్డుకేసి చూసి, "అయితే ధర పెంచాలండీ" అని తనే అంది.

వచ్చేముందు "మరి మీ ఇద్దరి కూలో?" అని అడిగాను. అమ్మాయి లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. నెలనెలా ఇద్దరి జీతాలూ రాసే ఉన్నాయి, "ఇవ్వవలసినవి" అన్న వరసలో.

మా చెల్లెలు తొంగిచూసి, "ముందు గాజులు విడిపించండర్రా!" అంది.

"అదీ రాశాంలే అమ్మా. మా జీతాలకంటే పై వరసలో" అంది అమ్మాయి.